మట్టిలో కలిసిపోయే సంచులు

మా దొరసానికి ఉదయం పూట ఒక పద్ధతి ఉంది. లిఫ్టు దిగగానే పనికి తొందరపడదు. ముందు పార్కింగులో కొత్త స్కూటరేదైనా వచ్చిందేమో చూస్తుంది. వాచ్‌మన్ కుర్చీ చుట్టూ ఒకసారి తిరుగుతుంది. పూలకుండీల వరసను ఒక్కొక్కటిగా వాసన చూసుకుంటూ వెళ్లి, చివరికి వెనక గోడ దగ్గర ఎండుటాకులు రాలే చోట, నాకు వీపు పెట్టి కూర్చుంటుంది. నేనూ అటు తిరిగి నిలబడతాను. ఆ మర్యాద నాకు నేర్పింది నా భార్య. "ఆడపిల్ల కూర్చుంటే అలా గుడ్లప్పగించి చూస్తారేమిటండీ?" అనేది.

ఆ కుక్కకు దొరసాని అని పేరు పెట్టింది కూడా ఆవిడే. వానకు తడిసి మా మెట్ల కింద చేరిన పిల్లను ఇంట్లోకి తెస్తే, ఒళ్లు తుడవక ముందే నా పడక కుర్చీ ఎక్కి పడుకుంది. దింపబోతే నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు ఆ పేరు తప్ప మరొకటి కుదరదు.

ఆవిడ ఉన్నన్నాళ్లూ దాన్ని కిందికి తీసుకెళ్లే పని ఆవిడదే. పాత పేపరు ముక్కతో ఎత్తి, మడిచి, పైకి తెచ్చి, మా మరుగుదొడ్లోనే వేసి నీళ్లు వదిలేది. ఆ పొట్లంతో లిఫ్టు ఎక్కితే పక్కవాళ్లు ముక్కులు మూసుకునేవాళ్లు. "మన కుక్కది మన ఇంటికే రావాలి కదా, పక్కవాళ్లింటికి పంపిస్తామా?" అని ఆవిడే నవ్వేది. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఆవిడతో పాటు వెళ్లిన రోజున నేను మెట్లెక్కి వచ్చేవాణ్ణి.

ఆవిడ పోయాక దొరసాని తాడు నా చేతికొచ్చింది. ఆ పేపరు పద్ధతి నావల్ల కాలేదు. దుకాణానికి వెళ్లి సంచుల డబ్బా ఒకటి తెచ్చుకున్నాను. లేతాకు రంగు సంచులు, చుట్టగా చుట్టి ఉంటాయి. డబ్బా మీద మొలక బొమ్మ, దాని కింద చిన్న అక్షరాలు: 'ఈ సంచి మొక్కజొన్న పిండితో చేసినది. మట్టిలో కలిసి ఎరువుగా మారుతుంది.'

నా ఉద్యోగం ఏమిటో చెబితే తప్ప ఆ వాక్యం నాకెందుకంత నచ్చిందో తెలియదు. పని చేసినంత కాలం నేను ఒక మందుల కంపెనీలో సీసాల మీద అతికించే లేబుళ్లు సరిచూసేవాణ్ణి. అచ్చుకు వెళ్లేముందు అక్షరం అక్షరం చదవాలి. చుక్క పడకూడని చోట పడితే పసివాడికి పోసే మందు పదింతలవుతుంది. అందుకని అచ్చయిన మాట మీద నాకు గొప్ప నమ్మకం. నాలాంటి వాడొకడు ఎక్కడో కూర్చుని, కళ్లు నొప్పి పుట్టేదాకా చదివి, సరేనన్నాకే అది డబ్బా మీదికి వచ్చి ఉంటుందనుకుంటాను. ఇప్పటికీ మా అపార్ట్‌మెంట్లలో పిల్లలు నన్ను లేబుల్ తాతయ్య అంటారు.

డబ్బా మీద మాటను రెండుసార్లు చదివాను. ఎక్కడా తప్పు లేదు. మట్టిలో కలిసి ఎరువయ్యేదాన్ని ఎక్కడ వెయ్యాలి? ఎరువు చేసే చోటే కదా!

ఆ చోటు మా వెనక గోడ పక్కనే ఉంది. మూడు నీలం డ్రమ్ములు. వాటిని చూసుకునేది కింది ఫ్లాటులో బట్టలు కుట్టే ఆవిడ. నా భార్యను వదినా అని, నన్ను అన్నయ్యా అని పిలిచేది. నేను చెల్లెమ్మా అనేవాణ్ణి. ఇళ్లన్నిటి కూరగాయల తొక్కలూ ఆ డ్రమ్ముల్లోకి చేరేవి. పైన ఎండుటాకులు కప్పి, వారానికోసారి కర్రతో పైపైన కలిపి, కొన్ని నెలలు మగ్గాక జల్లెడ పట్టి, ఆటస్థలం పక్కన ఉన్న మడుల్లో చల్లేది. ఆ మడుల్లో కొత్తిమీర, పాలకూర, క్యారెట్లు. ఎవరికి కావలసినంత వాళ్లు కోసుకోవచ్చు. కోసుకుని థాంక్స్ చెప్పకుండా పోతే మాత్రం చెల్లెమ్మ ఊరుకునేది కాదు. "ఏమ్మా, నోట్లో కొత్తిమీర అడ్డం పడిందా?" అని గట్టిగా అరిచేది.

ప్రతి ఉదయం నేను సంచి కట్టి, మూత తీసి, తొక్కల మధ్యలోకి కర్రతో నెట్టేవాణ్ణి. పైన రెండు గుప్పిళ్లు ఎండుటాకులు నిండుగా కప్పేవాణ్ణి. పని శుభ్రంగా ఉండాలి కదా. ఒకరోజు చెల్లెమ్మ, "అన్నయ్యా, ఎవరో మహానుభావులు రోజూ ఆకులు కప్పి పెడుతున్నారు, చూశావా?" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. చేసిన మంచిని చెప్పుకోవడం ఎందుకనిపించింది.

మా దగ్గర మరో కుక్క కూడా ఉంది. మూడో అంతస్తులో అద్దెకుండే అమ్మాయిది. ఆ అమ్మాయి ఒక బేకరీలో కేకులు చేస్తుంది. ఒంటరిగా ఉంటుంది. తోడుకు పెంచుకున్న కుక్క నడుము ఎత్తు ఉంటుంది, పేరు ఏనుగు. తెల్లవారక ముందే పనికి వెళ్లాలి కాబట్టి అంతకన్నా ముందే దాన్ని తిప్పి తెస్తుంది. అది ఎక్కడ కూర్చుంటుందో, ఈ అమ్మాయి ఎత్తుతుందో లేదో ఎవరూ చూడలేదు. చూడని విషయం మీద ఎన్ని మాటలైనా పుడతాయి. ఒకసారి గేటు దగ్గర ఎవరి కాలికో అంటుకుంటే, అది ఏనుగుదేనని సెక్రటరీగారు తేల్చేశారు. సైజు చూసి చెప్పారట.

అప్పుడు నేను ఆ అమ్మాయికి నా సంచుల చుట్ట ఒకటి ఇచ్చాను. కొంచెం సుద్దులు కూడా చెప్పాను. "కుక్కను పెంచుకోవడం అంటే దాని వెనకాల వంగడానికి ఒప్పుకోవడమే అమ్మా" అన్నాను. ఆ మాట నాకే బాగా నచ్చి, మెట్ల దగ్గర కనబడిన మరో ఇద్దరికి కూడా చెప్పాను.

ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. "నేను ఎప్పుడూ ఎత్తుతూనే ఉన్నాను అంకుల్. కానీ ఇవి నల్లవాటికన్నా బాగున్నాయి" అని తీసుకుంది. మర్నాడు సాయంత్రం ఒక పొట్లం తెచ్చి ఇచ్చింది. కేకును చతురస్రంగా కోసినప్పుడు మిగిలే అంచులు. "అమ్మడానికి పనికిరావు, తినడానికి ఇవే బాగుంటాయి" అంది. నిజమే. ఆనాటి నుంచి అప్పుడప్పుడూ ఆ అంచులు నా బల్ల మీదికి వచ్చేవి. ఒంటరిగా తాగే టీ పక్కన అవి ఉంటే, ఎవరో ఎదురుగా కూర్చున్నట్టే ఉండేది.

ఒక ఉదయం లిఫ్టులో కొత్త నోటీసు కనబడింది. అలవాటు కొద్దీ ముందు తప్పులు వెతికాను. రెండో వాక్యం చివర చుక్క లేదు. సెక్రటరీగారి నోటీసుల్లో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందిలే అనుకున్నాను. అప్పుడు గానీ అందులో ఏముందో బుర్రకెక్కలేదు.

ఎరువు డ్రమ్ముల్లో కుక్క పెంటతో ఉన్న సంచులు దొరికాయట. ఆదివారం మీటింగట. బాధ్యులైన వారి కుక్కను ఆవరణ నుంచి పంపించివేయడం జరుగుతుందట.

నేను వెనక గోడ దగ్గరికి వెళ్లాను. చెల్లెమ్మ ఒక డ్రమ్మును పక్కకు పడదోసి, జల్లెడ ముందు కూర్చుని ఉంది. నేల మీద వరసగా లేతాకు రంగు సంచులు. కొన్ని చిరిగిపోయాయి, కొన్ని వేసినట్టే ఉన్నాయి. ఒక్కటీ మట్టిలో కలిసిపోలేదు.

"చూశావా అన్నయ్యా" అంది, తలెత్తకుండానే. "పోయిన విడత ఎరువు సరిగా జల్లించలేదు. మోకాలు నొప్పిగా ఉండి అలాగే మడుల్లో వేసేశాను. అంటే ఇలాంటి పెంట అందులోకీ పోయినట్టే. మా బుడ్డిది ఆ మట్టిలోనే కదా పొద్దస్తమానం ఆడేది."

బుడ్డిది అంటే ఆవిడ మనవరాలు. మొన్ననే నడక నేర్చింది. దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసు.

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్లావా?"

"వెళ్లొచ్చాను. కుక్కల కడుపులో పురుగులుంటాయట, వాటి గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి చావవట. పరీక్షకి ఇమ్మన్నారు. ఇచ్చాం." అప్పుడు తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎన్ని తొక్కలు కలిపితే ఇంత ఎరువవుతుందో నీకు తెలుసు కదా. అందులో ఇది ఎలా వెయ్యాలనిపించిందో! నీలాంటి వాళ్లు లేరా? నువ్వు రోజూ ఎంత పొందికగా ఎత్తి తీసుకెళ్తావు!"

ఎక్కడికి తీసుకెళ్తానని ఆవిడ అనుకుందో నాకు అప్పుడర్థమైంది. పైకి, మా ఇంటికేననుకుంది. నా భార్య తీసుకెళ్లినట్టు.

అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిచాను కూడా. దొరసాని నా కాళ్ల దగ్గర కూర్చుని, సంచుల వైపు ఒకసారి వాసన చూసి, ఏమీ ఎరగనట్టు ముఖం తిప్పుకుంది. దానికిప్పుడు చెవులు సరిగా వినబడవు. వెనక కాళ్లు వణుకుతాయి. దీన్ని పంపించెయ్యమంటే ఎక్కడికి పంపించను? "అయ్యో" అన్నాను. అంతే. అయ్యో అని పైకి వచ్చేశాను.

ఇంట్లో బల్ల సొరుగు తీసి సంచుల డబ్బా బయట పెట్టాను. మళ్లీ చదివాను. 'ఈ సంచి మొక్కజొన్న పిండితో చేసినది. మట్టిలో కలిసి ఎరువుగా మారుతుంది.' నిజమే, అందులో అబద్ధం లేదు. వాళ్లు సంచి గురించి రాశారు. సంచిలో నేను ఏం వేస్తానో దాని గురించి రాయలేదు. డబ్బాను తిప్పితే, అడుగున, బార్‌కోడ్ గీతల పక్కన ఇంకా చిన్న అక్షరాలున్నాయి. ఇళ్లలోని ఎరువు గుంతల్లో ఇది పూర్తిగా కరగకపోవచ్చుననీ, జంతువుల పెంటను ఆహారపు మొక్కల ఎరువులో కలపరాదనీ. జీవితమంతా సీసాల అడుగున ఉన్న అక్షరాలు చదివి జీతం తీసుకున్నవాణ్ణి, నా ఇంట్లోకి తెచ్చుకున్న డబ్బాను తిప్పి చూడలేదు.

మర్నాడు దొరసానిని పాత పేపరుతో తీసుకెళ్లాను. ఎవరూ చూడకుండా మెట్లెక్కి వచ్చాను. నా భార్య మీద నేను గెలిచానని ఇన్ని నెలలుగా అనుకున్న ఒకే ఒక్క విషయం ఆ సంచులే.

శనివారం సాయంత్రం కేకుల అమ్మాయి తలుపు తట్టింది. చేతిలో పొట్లం లేదు.

"అంకుల్, మీతో ఒక్క మాట మాట్లాడాలి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. దొరసాని లేచి వెళ్లి ఆ పిల్ల చేతులు నాకింది. ఆ చేతుల్లో ఎప్పుడూ వెన్న వాసన ఉంటుంది.

"మా ఓనరుగారు ఫోన్ చేశారు. సెక్రటరీగారు చెప్పారట, సంచులు నావేనని. ఆదివారం మీటింగులో తేలితే, కుక్కనైనా పంపించు, లేకపోతే ఇల్లయినా ఖాళీ చెయ్యి అంటున్నారు. ఏనుగును ఎవరు తీసుకుంటారు అంకుల్? దాన్ని చూస్తేనే జనం రోడ్డు దాటేస్తారు. నన్ను వదిలి అది అన్నం ముట్టదు."

"నువ్వు ఎక్కడ వేస్తావమ్మా?"

"గేటు బయట మున్సిపాలిటీ డబ్బాలో. రోజూ. చీకట్లో ఎవరు చూస్తారు? మీరు చెబితే నమ్ముతారు. ఆ అమ్మాయి అలాంటిది కాదని ఒక్క మాట చెప్పండి చాలు."

"చెబుతాను" అన్నాను.

"నిజంగా?"

"నువ్వు వెయ్యలేదని చెబుతాను."

ఆ అమ్మాయి ముఖం ఎంత తేలికపడిందంటే, నేను చూడలేక దొరసాని వైపు తిరిగాను. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మీరున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నాకిక్కడ ఎవరున్నారు?" అంది. ఎదురుగా నిలబడి ఉంది. ఇంకెవరూ లేరు. అది నేను చేసిన పని తల్లీ, అనడానికి ఎన్ని మాటలు కావాలి? తలుపు మూసుకుంది. ఆ పిల్ల లిఫ్టు కోసం ఎదురుచూడకుండా మెట్లు దిగిపోతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

మీటింగు పార్కింగులో పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. గోడ పక్కన మూత పెట్టిన ప్లాస్టిక్ తొట్టి, దాని మీద ఒక ఇటుక. అందులో సంచులున్నాయి. సెక్రటరీగారు దాన్ని సాక్ష్యం అంటున్నారు.

"ఎక్కువ సేపు పట్టదు. విషయం అందరికీ తెలిసిందే" అని మొదలుపెట్టారు.

"తెలిసిందే అయితే మమ్మల్ని టీవీ ముందు నుంచి ఎందుకు లేపారు?" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

సెక్రటరీగారు విననట్టు నటించి, కేకుల అమ్మాయి వైపు తిరిగారు. "చూడమ్మా, ఈ రంగు సంచులు నీ దగ్గరున్నాయా, లేవా?"

"ఉన్నాయి."

"అదీ!"

"అంకుల్ ఇచ్చారు. నేను గేటు బయట వేస్తాను."

"ఎవరైనా చూశారా?"

"నేను వెళ్లేటప్పుడు మీరంతా నిద్రలో ఉంటారు. చూడటానికి రండని తలుపులు కొట్టి లేపమంటారా?"

కొందరు నవ్వారు. సెక్రటరీగారికి నవ్వు రాలేదు. "పాపం ఆయన మంచి చెయ్యబోయి సంచులిస్తే, అవి తీసుకెళ్లి ఎరువులో వేశావు. పసిపిల్ల ఆరోగ్యం మాట ఇది."

చెల్లెమ్మ చివరి వరసలో కూర్చుని ఉంది, ఒళ్లో మనవరాలు. ఆ పిల్ల ఆవిడ గాజులతో ఆడుకుంటోంది.

కేకుల అమ్మాయి నా వైపు చూసింది. నేను లేచాను.

"ఆ సంచులు నేను వేశాను."

సెక్రటరీగారు నా భుజం మీద చెయ్యి వేసి, "కూర్చోండి అంకుల్" అన్నారు, జ్వరం వచ్చినవాడితో మాట్లాడినట్టు.

"నిజంగానే నేను వేశాను. రోజూ వేశాను. నెలల తరబడి."

"మీ మంచితనం మాకు తెలీదా? ఆ అమ్మాయి మీద జాలి. అది కూడా మాకు తెలుసు. మీకు కేకులు తెచ్చిస్తుందని కూడా తెలుసు."

ఈసారి అందరూ నవ్వారు. ఎవరో ఆవిడ, "రోడ్డు మీద చాక్లెట్ కాగితం కనబడితే ఏరి జేబులో పెట్టుకునే మనిషి. ఆయన వేశారట!" అంది. ఆ మాటకు నా చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లూ నాకు ఉందని మురిసిపోయిన పేరు ఇప్పుడు అడ్డంగా నిలబడింది. నేను ఎంత చెబితే అంత మంచివాణ్ణవుతున్నాను. కేకుల అమ్మాయి కూడా నన్ను అలాగే చూస్తోంది. తన కోసం నేను అబద్ధమాడుతున్నానని నమ్మి, కృతజ్ఞతగా. అది భరించడం అన్నిటికన్నా కష్టమయింది.

తొట్టి దగ్గరికి వెళ్లి ఇటుక తీశాను.

"అంకుల్, అంకుల్, అది ముట్టుకోకండి!"

చిరగని సంచి ఒకటి ఏరుకున్నాను. నేల మీద చతికిలబడి ముడి విప్పాను. ముడి గట్టిగా ఉంది, నేను కట్టిన ముడే. ముందు వరస కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది. కొంగులు, చేతి రుమాళ్లు ముక్కులకు వెళ్లాయి. సంచిని బోర్లించి, పుల్లతో విడదీశాను.

"ఇవి చూడండి" అన్నాను. "ఈ నారింజ రంగు ముక్కలు."

ఎవరూ దగ్గరికి రాలేదు. చెల్లెమ్మ వచ్చింది. మనవరాలిని పక్కావిడ చేతికిచ్చి, మోకాలు పట్టుకుని నెమ్మదిగా వచ్చి, వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"క్యారెట్టు" అంది.

దొరసానికి మలబద్ధకం. నా భార్య దాని అన్నంలో క్యారెట్టు తురిమి కలిపేది, నేనూ కలుపుతున్నాను. అది సరిగా నమలదు. మింగినట్టే వచ్చేస్తుంది. ఈ సంగతి తెలిసింది నాకూ, చెల్లెమ్మకూ మాత్రమే. ఆ క్యారెట్లు మడిలోంచి పీకి ఇచ్చేది ఆవిడే. 'దొరసానిగారికి కానుక' అని గుమ్మంలో పెట్టి వెళ్లేది.

"మా ఏనుగు క్యారెట్టు ముట్టదు" అంది కేకుల అమ్మాయి, ఎవరితోనూ కాదన్నట్టు. "కనబడితే గిన్నె బోర్లిస్తుంది."

చెల్లెమ్మ నిటారుగా నిలబడింది. "ఆకులు కప్పింది కూడా మీరేనా?" అని అడిగింది. అన్నయ్యా అనలేదు. నువ్వు అని కూడా అనలేదు.

"నేనే. ఎరువవుతుందనుకున్నాను. డబ్బా మీద రాసి ఉంటే..."

ఆవిడ నా మాట పూర్తి కాకుండానే వెళ్లి మనవరాలిని ఎత్తుకుంది.

సెక్రటరీగారు గొంతు సవరించుకున్నారు. "సరే, పోనివ్వండి. పెద్దాయన, తెలియక జరిగిన పొరపాటు. మంచి ఉద్దేశంతోనే చేశారు. ఇకముందు జాగ్రత్తగా ఉంటారు. ఈ విషయం ఇంతటితో..."

"అంటే?" అంది కేకుల అమ్మాయి. "కుక్కను పంపించెయ్యాలన్న మాట ఏమైంది?"

"అది... ఆయన సంగతి వేరమ్మా."

"ఏం వేరు?"

ఆ అమ్మాయి సెక్రటరీగారిని వదిలి నా వైపు తిరిగింది. నేనింకా నేల మీదే ఉన్నాను, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

"అంకుల్, నిన్న నేను మీ ఇంటికొచ్చినప్పుడు మీకు తెలుసా?"

ఆ ఒక్క ప్రశ్న అడక్కుండా ఉంటే బాగుండునని శనివారం నుంచీ అనుకుంటున్నాను.

"తెలుసు" అన్నాను.

తల ఊపింది. ఇంకేమైనా అంటుందని చూశాను. కుర్చీని మడిచి, గోడకు ఆనించి, వెళ్లిపోయింది.

లేవబోతే కాళ్లు పట్టేశాయి. ఎవరో చెయ్యి అందించబోయి, నా చేతులు చూసి ఆగిపోయారు. గోడ పట్టుకుని లేచాను. "సెక్రటరీగారూ, ఒక్క పని చెయ్యండి. ఆ అమ్మాయి ఓనరుకు ఇప్పుడే, ఇక్కడే ఫోన్ చెయ్యండి" అన్నాను.

"రేపు చేస్తాను లెండి."

"ఆమె పేరు చెప్పినప్పుడు రేపటిదాకా ఆగలేదు కదా!"

టీవీ ముందు నుంచి లేచొచ్చిన ఆయన, "చెయ్యవయ్యా బాబూ, మేమూ వింటాం" అన్నాడు. సెక్రటరీగారు ఫోన్ చేశారు. సంచులు ఆ అమ్మాయివి కావనీ, కుక్క విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదనీ చెప్పారు. ఎవరివని అవతల అడిగినట్టున్నారు, ఈయన నసిగారు. నేను ఫోన్ దగ్గరికి వంగి, నా ఫ్లాటు నంబరు చెప్పాను.

తర్వాతి రోజుల్లో నేనూ, ఇద్దరు కూలీలూ కలిసి మడులన్నీ తవ్వాం. పాలకూర, కొత్తిమీర, క్యారెట్లు వేళ్లతో సహా పీకి గోనె సంచుల్లో నింపాం. వాటి కింది మట్టినీ ఎత్తించాం. కూలీలు వెళ్లాక మిగిలిన అంచులను నేనొక్కణ్ణే తవ్వేవాణ్ణి. నా నడుము ఆ పనికి పుట్టింది కాదు. చెల్లెమ్మ కిటికీ దగ్గర కుట్టుమిషను తొక్కుతూ ఉండేది. పార వేసినప్పుడల్లా మిషను ఆగిందేమో అని వినేవాణ్ణి. ఆగేది కాదు.

ఒకరోజు ఆగింది. ఆవిడ బయటికి వచ్చి, కొంచెం దూరంలో నిలబడింది.

"పరీక్ష వచ్చింది. బుడ్డిదానికి ఏమీ లేదట."

నేను పార కింద పెట్టేశాను. కళ్లు తుడుచుకుందామంటే చేతులు మట్టి.

"ఆ మూల ఇంకా ఉంది" అంది చెల్లెమ్మ, వేలు చూపించి. "లోతుగా తవ్వండి." లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి బయట గట్టు మీద ఒక టీ గ్లాసు కనబడింది. ఎప్పుడు పెట్టిందో చూడలేదు. చల్లారిపోయింది. తాగాను.

దొరసానిని ఇప్పుడు తెల్లవారుజామునే తీసుకెళ్తున్నాను. పగటిపూట ఎదురయ్యేవాళ్లు, "పోనివ్వండి అంకుల్, మనసులో పెట్టుకోకండి" అంటున్నారు. ఆ మాట ఆ అమ్మాయితో ఎవరైనా అన్నారో లేదో నాకు తెలియదు. కేకుల అంచులు మళ్లీ రాలేదు. రావాలని ఆశపడే హక్కు కూడా నాకు లేదు.

పేపరుతో ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. తాడు మోచేతికి తగిలించుకుంటే దొరసాని సరిగ్గా నేను వంగినప్పుడే ఎటో లాగుతుంది. నిన్న అలాగే లాగింది. పేపరు జారింది, నేనూ తూలాను. వెనక నుంచి ఎవరో తాడు పట్టుకుని ఆపారు. చూస్తే కేకుల అమ్మాయి. మరో చేతిలో ఏనుగు తాడు, జేబులోంచి తొంగిచూస్తున్న నల్ల సంచి. దొరసాని ఆ చేతుల్ని వాసన చూసి తోకాడించింది. కుక్కలకు ఇవేవీ తెలియవు.

"పడతారు" అంది ఆ అమ్మాయి. గొంతులో మెత్తదనమేమీ లేదు.

"పర్వాలేదమ్మా, నేను చూసుకుంటాను."

"తాడు నేను పట్టుకుంటాను. ఎత్తడం మాత్రం మీరే."

నేను వంగాను. పేపరు మడిచి, నాలుగు వైపులా మూసి, రెండు చేతులతో పట్టుకుని లేచాను. ఆ అమ్మాయి తాడు నా మోచేతికి తగిలించి, ఏనుగుతో గేటు వైపు నడిచింది. వెనక్కి తిరగలేదు. నేను లిఫ్టు దగ్గరికి వచ్చాను. లోపల పాల పాకెట్లతో ఒకావిడ ఉంది. నా చేతుల్లో పొట్లం చూసి ముక్కు మూసుకుంది.

మెట్ల వైపు చూశాను. తర్వాత లిఫ్టే ఎక్కాను.